ఆ గోడ దగ్గర నా చెయ్యి ఎందుకు ఆగేదో తర్వాత తెలిసింది

పాత ఇంట్లోకో, బాగా పాత చెట్లున్న చోటికో వెళ్లగానే ఇక్కడ ఎవరో బతికారు, ఏదో జరిగింది అని మనసుకి తడుతుంది, ఇది నిజమేనా, నా ఊహేనా, దీన్ని ఇంకా బాగా పట్టుకోవడం నేర్చుకోవచ్చా అని అడిగారు. నా మటుకు నాకు ఆ అనిపించడం నిజమే. కానీ దానికి మనం వెంటనే అల్లుకునే కథ చాలాసార్లు తప్పు. ఈ రెండూ వేరని నాకు తెలియడానికి నాలుగేళ్లు ఒక పాత ఇంట్లో అద్దెకుండాల్సి వచ్చింది.

ఆ ఇంట్లో లోపలి గది తలుపు పక్కన గోడ మీద, భుజం కంటే కొంచెం కిందగా, అరచెయ్యంత చోటు ఉండేది. మిగతా గోడంతా గరుకు, అక్కడ మాత్రం నున్నగా, కొంచెం లోపలికి పోయినట్టు ఉండేది. చీకట్లో అటు వెళ్లినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే అక్కడ ఆగేది, ఆగినప్పుడల్లా ఇప్పుడే ఎవరో ఇక్కడ నిలబడి వెళ్లారు అనిపించేది. భయం కాదు, ఒక రకమైన దిగులు. ఆ దిగులుకి నేనొక కథ కట్టాను: ఎవరో ఒకావిడ ఏళ్ల తరబడి ఇక్కడ గోడకి చెయ్యి ఆనించి ఎవరి కోసమో ఎదురుచూసింది అని. స్నేహితులకి కూడా అలాగే చెప్పాను, వాళ్లూ ఆ గోడని ముట్టుకుని ఔను, ఏదో ఉంది అన్నారు.

ఏడాది దాటాక ఒక సాయంత్రం ఒక పెద్దావిడ తలుపు కొట్టి, నేను ఈ ఇంట్లోనే పుట్టానమ్మా, ఒక్కసారి చూసి వెళ్లనా అని అడిగారు. లోపలికి రమ్మన్నాను. ఆవిడ మాట్లాడుతూనే లోపలి గదిలోకి అడుగు పెట్టారు, మసక చీకటి, ఆవిడ చెయ్యి అటు చూడకుండానే సరిగ్గా ఆ నున్నటి చోటికి వెళ్లి తడిమింది. ఒక్క క్షణం ఆగి, "అరె, స్విచ్ ఇక్కడే ఉండేది కదమ్మా" అన్నారు. తొమ్మిది మంది ఉన్న ఇల్లట, ఎవరు గదిలోకొచ్చినా ముందు గోడ మీద తడుముకుని ఆ స్విచ్ వేసేవాళ్లట. ఎప్పుడో వైరింగ్ మార్చినప్పుడు స్విచ్ తీసేసి గుంత పూడ్చారు, చుట్టూ చేతులు తగిలి అరిగిన గోడ మాత్రం అలాగే మిగిలింది.

నా ఎదురుచూపుల కథ ఆ నిమిషంలో పోయింది. కానీ గమనించండి, ఆ చోట మనుషులున్నారన్న భావం పోలేదు, ఇంకా బలపడింది. నేను ఊహించుకున్నది ఒక్క మనిషి దుఃఖం, అక్కడ నిజంగా ఉన్నది తొమ్మిది మంది రోజూ చేసిన చిన్న పని, అదీ దశాబ్దాలు. నా చెయ్యి నాకంటే ముందే దాన్ని చదివేసింది, చదివినదానికి అర్థం చెప్పడంలోనే నేను తప్పు చేశాను. ఆ తర్వాత ఆవిడ మెట్లెక్కుతూ నాలుగో మెట్టు మీద మధ్యలో కాకుండా గోడ వారగా కాలు పెట్టారు. అది చప్పుడు చేస్తుందని, చిన్నప్పుడు రాత్రిపూట అందరూ పడుకున్నాక దొంగచాటుగా కిందికి రావాలంటే అలాగే దిగాలని చెప్పారు. అప్పటికి నేను కూడా అదే మెట్టు మీద వారగానే నడుస్తున్నాను, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు.

కాబట్టి నేర్చుకోవచ్చా అంటే తప్పకుండా నేర్చుకోవచ్చు. ముందు జాడలు చూడటం అలవాటు చేసుకోండి. గడప ఏ వైపు ఎక్కువ అరిగింది, మెట్టు మధ్యలో ఎంత లోతు పడింది, ఏ తలుపు పిడి మెరుస్తోంది, ఏ గదిలో నేల మీద బరువైనదేదో ఏళ్ల తరబడి నిలబెట్టిన నాలుగు గుర్తులున్నాయి. దూలాల మీద రంపపు గీతలు చూడండి, నిలువుగా లాగే రంపమైతే గీతలు నేరుగా వరసగా ఉంటాయి, గుండ్రటి రంపమైతే విల్లులా వంగి ఉంటాయి, అంటే ఆ కొయ్యని ఏ రకం రంపంతో కోశారన్నది చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. పాత కిటికీ అద్దంలోంచి చూస్తే బయట చెట్టు అలలా కదులుతుంది కదా, అద్దం కాలక్రమంలో కిందికి జారడం వల్ల అలా అవుతుందని చాలామంది చెబుతారు, అది నిజం కాదు. గాజుని ఊది, తిప్పి, సాగదీసి పలకలు చేసిన రోజుల్లో అది తయారీలోనే హెచ్చుతగ్గులుగా వచ్చేది. కరిగిన తగరం మీద గాజుని తేల్చి చదునుగా చేసే పద్ధతిని పిల్కింగ్టన్ కంపెనీ 1959లో ప్రకటించింది, ఇప్పుడు మనం చూసే నున్నటి అద్దాలన్నీ దాదాపు ఆ దారిన వచ్చినవే. ఇది తెలిశాక ఆ అలల అద్దం ముందు నిలబడితే, ఊపిరి బిగబట్టి గాజు ఊదిన ఒక మనిషి గుర్తొస్తాడు నాకు.

వాసనని కూడా తక్కువ చెయ్యకండి. చూపు, వినికిడి లాంటివి మెదడులో థాలమస్ అనే మజిలీ మీదుగా వెళతాయి, వాసన మాత్రం ఆ మజిలీ లేకుండానే భావాలకీ జ్ఞాపకాలకీ సంబంధించిన భాగాలకి చేరుతుంది. పాత ఇంట్లో తలుపు తియ్యగానే, ఏమిటో తెలియకముందే గుండె బరువెక్కడంలో దీని పాలు చాలా ఉందని నేను నమ్ముతాను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. పాత ఇంట్లో మీకు కలిగేది ఆత్మీయత కాకుండా భయమో, తలనొప్పో, నీరసమో, నిద్రలో ఎవరో నొక్కినట్టుండటమో అయితే దాన్ని ఇంటి చరిత్ర అనుకుని ఊరుకోకండి. 1921లో విలియం విల్మర్ అనే అమెరికన్ కంటి వైద్యుడు ఒక వైద్య పత్రికలో ఒక కుటుంబం గురించి రాశారు. పాత ఇంట్లోకి మారాక వాళ్లకి అడుగుల చప్పుళ్లు వినిపించాయి, మనుషులు కనిపించారు, తలనొప్పులు పట్టుకున్నాయి. తీరా చూస్తే ఇంటిని వెచ్చబరిచే కొలిమి పాడై కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గదుల్లోకి వస్తోంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు, ప్రాణం తీస్తుంది. ఇంట్లో మండేది ఏదున్నా పొగ బయటికి పోయే దారి సరిగ్గా ఉందో లేదో చూపించుకోండి, ఆ వాయువుని పసిగట్టే డిటెక్టర్ పెట్టుకోండి. ఇంకోటి, విక్ టాండీ అనే బ్రిటిష్ ఇంజినీర్ తను పనిచేసే ల్యాబ్‌లో చెమటలు పట్టడం, కంటి అంచున బూడిద రంగు ఆకారం కనిపించడం గురించి 1998లో రాశారు. కొత్తగా బిగించిన ఫ్యాన్ నుంచి దాదాపు 19 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 19 సార్లు ఊగే, చెవికి సరిగ్గా అందని కంపనం వస్తోందని ఆయన పట్టుకున్నారు. అన్ని చోట్లా ఇదే కారణమని కాదు, కానీ శరీరానికి తెలిసేదానికి కారణం వెతకాలి.

ఇక ప్రకృతి. అక్కడ మొదటి షరతు కూర్చోవడం. మనం వెళ్లగానే పక్షులు మాట ఆపేస్తాయి, పావుగంటో ఇరవై నిమిషాలో కదలకుండా ఉంటే మళ్లీ మొదలుపెడతాయి. ఆ చోటు ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది, అంతకుముందు చూసింది మన రాకకి భయపడిన చోటుని. ఒకసారి ఒక నది పక్కన, నీళ్లకి చాలా ఎత్తున ఉన్న బండ మీద ఇలాగే కూర్చున్నాను. పక్కనే రాతిలో గుండ్రటి గుంత, లోపల చెయ్యి పెడితే ఎవరో శ్రద్ధగా చెక్కి నునుపు చేసినట్టుంది. చల్లగా ఉంది, ఒళ్లు జలదరించింది, ఎవరో పాతకాలపు మనుషులు చేసిన పనే అనుకున్నాను. మళ్లీ అదే పొరపాటు. సుడి తిరిగే నీళ్లలో గులకరాళ్లు ఒకే చోట గిరగిరా తిరిగితే బండలో అలాంటి గుంతలు పడతాయని తర్వాత చదివాను. అంటే ఒకప్పుడు ఆ నది నేను కూర్చున్నంత ఎత్తున పారింది! నేను చెయ్యి పెట్టింది నది పాత అడుగులో. మనుషుల పని కాదని తెలిశాక నాకు ఆ చోటంటే గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు, ఇప్పటికీ ఏడాదికోసారి వెళతాను.

తొలకరికి లేచే మట్టి వాసన కూడా ఇలాంటిదే. దానికి పెట్రికార్ అని పేరు పెట్టింది ఇద్దరు శాస్త్రవేత్తలు, ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్, 1964లో. అందులో ముఖ్యమైన జియోస్మిన్‌ని మట్టిలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి, మన ముక్కు దాన్ని లక్ష కోట్లలో కొన్ని వంతులున్నా పట్టేస్తుంది. నేలతో మన శరీరానికి ఇంత పరిచయం ఉంది మరి.

అదే 1964లో అమెరికాలోని నెవాడాలో ఒక బ్రిసిల్‌కోన్ పైన్ చెట్టుని పరిశోధన కోసం కొట్టారు. కొట్టాక వలయాలు లెక్కపెడితే 4,800 దాటాయి. నేను దీన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా మనసు ఒప్పుకోదు. ఒక చోటు ముందు నిలబడి అది ఎంత పాతదో తెలుసుకునే తీరిక మనకి ఉండాలి, అది పోయాక కాదు. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలు తమ పూర్వీకుల్లో ఒకరిగా చూసే వాంగనుయి నదికి 2017లో చట్టం ఒక వ్యక్తికుండే హక్కులిచ్చింది, ఆ వార్త చదివిన రోజు నాకు చాలా ఊరటగా అనిపించింది.

మీరిప్పుడు ఉంటున్న ఇంటి గురించి అయితే ఒకటే చెబుతాను, అక్కడ ఇంతకుముందు బతికినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లుండగానే వెళ్లి అడగండి. ఏం జరిగింది అని పెద్ద ప్రశ్న వెయ్యకండి, ఎక్కడ పడుకునేవాళ్లు, ఏ కిటికీ దగ్గర కూర్చునేవాళ్లు, ఏ తలుపు బిగుసుకునేది అని అడగండి. మా పెద్దావిడ ఆ తర్వాత ఇంకా రెండుసార్లు వచ్చారు, ఆవిడ చెప్పినవన్నీ రాసుకున్నాను. ఆ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఒక కాగితం మీద స్విచ్ ఎక్కడ ఉండేదో, నాలుగో మెట్టు ఎలా దిగాలో రాసి, గోడ అల్మారా తలుపు లోపలి వైపు అంటించి వచ్చాను.