నూనెరంగులతో స్టిల్ లైఫ్ మొదలుపెట్టిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఉద్యోగం చేసుకుంటూనే పాత పద్ధతిలో నూనెరంగులతో స్టిల్ లైఫ్ చిత్రాలు, అంటే బల్లమీద కదలకుండా అమర్చిన వస్తువుల బొమ్మలు వేయాలని నిశ్చయించుకున్నావనీ, అందుకు మైలాపూరు ఇంటి మేడమీద గది సిద్ధం చేసుకున్నావనీ మీ నాన్న చెప్పగా విని చాలా సంతోషించాను. చేయి తిరగడానికి ఎలాగూ కాలం పడుతుంది. కాని నూనె ఆరే వేగానికి లోబడి పనిచేయడం మాత్రం మొదటి చిత్రం నుంచే అలవడాలి.

ముందుగా వెలుతురు సంగతి చెబుతాను. ఉత్తరపు కిటికీ మంచిదని అందరూ అంటారు. ఐరోపాలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. చెన్నై సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడం వల్ల, ఏప్రిల్ చివరి వారం మొదలుకొని ఆగస్టు మధ్య వరకు సూర్యుడు రోజంతా మనకు ఉత్తరంగానే నడుస్తాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోంచి ఎండ నేరుగా బల్లమీద పడి నీడలు నిలవవు. అప్పుడు దక్షిణపు కిటికీ దగ్గరికి మారు. మిగతా కాలంలో ఉత్తరమే మేలు.

వస్తువులు ఎక్కువ పెట్టకు. ఒక ఇత్తడి చెంబు, రెండు నిమ్మకాయలు, వెనుక ముదురు రంగు గుడ్డ చాలు. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారుడు షార్డాన్ వంటింటి రాగి తొట్టిని ఒక్కదాన్నే ప్రధానంగా పెట్టి వేసిన చిత్రం పారిస్‌లోని లూవ్ర మ్యూజియంలో ఉంది. మన ఇళ్లలో గంగాళానికి ఆ గౌరవం ఎందుకు దక్కకూడదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఇక అసలు పని పూతల్లో ఉంది. మొదట అంబర్ (umber) అనే ముదురు గోధుమ మట్టిరంగును టర్పెంటైన్‌తో పలుచన చేసి నీడలు మాత్రం వేసుకో. అంబర్‌లో మాంగనీస్ ఉంటుంది కనుక త్వరగా ఆరుతుంది. ఐవరీ బ్లాక్ అనే నలుపు చాలా నెమ్మదిగా ఆరుతుంది కనుక దానిని అడుగుపూతలో దట్టంగా వాడకూడదు. ఆ పైన తెలుపు, బూడిద రంగులతో వెలుగునీడలన్నీ తేల్చుకొని, అది ఆరిన తరువాతే రంగుల జోలికి వెళ్లు. ఈ రంగుల్లో కలిసి ఉండే అవిసె నూనె నీటిలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకొని గట్టిపడుతుంది. అందుచేత నూనె తక్కువున్న పూత అడుగున, ఎక్కువున్న పూత పైన ఉండాలి. ఈ వరుస తిరగబడితే పైపూత ముందే బిగిసిపోయి, కింద పూత ఇంకా కదులుతుండగా పగుళ్లు పడతాయి. జింక్ వైట్ కాలక్రమాన పెళుసుబారుతుంది కాబట్టి టైటానియం వైట్ తీసుకో. పాతవాళ్లు వాడిన సీసపు తెలుపు విషం. ఇంట్లో పిల్లలున్నారు, దానిని తేవద్దు.

నిమ్మకాయలు వడలిపోతాయి, చెంబు ఎక్కడికీ పోదు. కనుక రంగు వేసేటప్పుడు కాయలతో మొదలుపెట్టు. చెంబు దగ్గరికి వచ్చాక నిదానంగా చూడు. ఇత్తడి మీద మెరుపు ఒట్టి తెలుపుగా ఉండదు, అందులో లోహపు పసుపు కలిసి ఉంటుంది. కాయకు ఆనుకొని ఉన్న వైపు కాయ రంగు సన్నని చారలా వంగి కనబడుతుంది. ఆ చారను దాని చోట పెట్టగలిగితే, చెంబు గుండ్రదనం సగం దానంతట అదే వస్తుంది. ఎగ్మూరు మ్యూజియంలో రవివర్మ చిత్రాలు ఉన్నాయి; వెళ్లినప్పుడు ముఖాలను కాసేపు వదిలి, నగలనూ బట్టలనూ ఎలా వేశాడో పరీక్షగా చూడు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో కాన్వాసును గోడకు ఆనించకు, వెనుకవైపు బూజు పడుతుంది. చీకటి అల్మారాలో పెడితే అవిసె నూనె పసుపుబారుతుంది, కాబట్టి వెలుతురు తగిలే చోట ఆరనివ్వు, ఎండలో మాత్రం వద్దు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయడం చాలా ప్రమాదం. ఆరుతున్న నూనె పుట్టించే వేడికి ఆ గుడ్డలు వాటంతట అవే నిప్పు అంటుకోగలవు. నీటిలో తడిపి, మూత ఉన్న రేకు డబ్బాలో వేయి. ఈ ఒక్క విషయంలో ఏ రోజూ బద్ధకించవద్దు.

చివరి వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి, పూత దట్టంగా ఉంటే ఇంకా ఎక్కువ. ఆలోగా కాన్వాసు వెనుక ఏ తెలుపు, ఏ నూనె, ఏ తేదీన వాడావో పెన్సిలుతో చట్రం మీద రాసిపెట్టు. రెండో చిత్రానికి అది అక్కరకు వస్తుంది.

ఇట్లు,
మీ పెదనాన్న