నాన్నకు చెప్పొద్దంటున్న కొడుకు: సమాధానం

చెల్లెమ్మా, మీరు నర్సుగా ఉన్న గుంటూరు వార్డులో పెద్దాయన "నాకేమైందమ్మా" అని అడుగుతుంటే, క్యాన్సరని చెప్పొద్దని కొడుకు బతిమాలుతున్నాడని రాశారు. టెన్షన్ పడకండి.

అబద్ధం ఆడొద్దు. రోగం పేరూ మీరు చెప్పొద్దు, అది డాక్టరు పని. "డాక్టరు గారితో మాట్లాడిస్తాను" అనండి, ఆయన అడిగిన సంగతి కేస్ షీట్‌లో రాయండి. ఎంతవరకు తెలుసుకోవాలనుందో డాక్టరు పెద్దాయననే అడగాలి. "మా వాడికి చెప్పండి చాలు" అంటే అదీ ఆయన ఇష్టమే.

వైద్య నీతి పండితులు బీచమ్, చిల్డ్రెస్ 1979లో చెప్పిన నాలుగు సూత్రాల్లో కొడుకు 'మేలు' ఒక్కటే పట్టుకున్నాడు, 'స్వయంనిర్ణయం', అంటే తన వైద్యం గురించి రోగే నిర్ణయించుకోవడం, వదిలేశాడు. ప్రేమే, కాదనను. మరి కీమోకి సంతకం ఎవరిది? పెద్దాయనదే. 2008లో సమీరా కోహ్లీ కేసులో, మత్తుమందు ఇచ్చి ఉన్న మేజరు కూతురి తరఫున తల్లి ఆపరేషన్‌కు ఇచ్చిన అనుమతి చెల్లదంది సుప్రీంకోర్టు. ఈ కేసు సంగతి కొడుక్కి డాక్టరు చేతే చెప్పించండి.