ఇయర్‌బడ్స్ విప్పి బ్యాటరీ మార్చుకోవచ్చా?

రెండేళ్ళు వాడిన ఇయర్‌బడ్స్‌లో ఎడమది అరగంటకే ఆగిపోతోంది, ఇంట్లోనే విప్పి బ్యాటరీ మార్చుకోవచ్చా అని అడిగారు. నేను రెండు జతలు విప్పాను. ఒకటి ఇంకా పాడుతోంది, రెండోది నా చేతుల్లోనే పోయింది.

విప్పే ముందు కేసులోని పిన్నుల్నీ, బడ్ మీద మెరిసే చుక్కల్నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల తడిపి తుడవండి. చెమట, గులిమి పేరుకుంటే ఛార్జ్ సరిగా ఎక్కదు. మా చెల్లి బడ్ ఇలాగే బాగైంది, నేను స్క్రూడ్రైవర్లన్నీ పరిచి కూర్చున్నాక!

తుడిచినా అంతే అయితే ఆకారం చూడండి. కాడ లేని గుండ్రటి రకమైతే ఆశ ఉంది. వాటిలో చాలావరకు చొక్కా గుండీ అంత సెల్ ఉంటుంది. నా దాంట్లో ఉన్న సెల్ నంబరు 1254, అంటే 12 మిల్లీమీటర్ల వెడల్పు, 5.4 మందం. ముందు ఛార్జ్ పూర్తిగా అయిపోనిచ్చాను. హెయిర్ డ్రయ్యర్‌తో అతుకు చుట్టూ గోరువెచ్చగా చేసి, గిటార్ పిక్ (తీగలు మీటే పలుచని ప్లాస్టిక్ బిళ్ళ) దూర్చి నెమ్మదిగా తిప్పితే టక్కుమని ఊడింది. అక్కడే ఆగాలి. మూతకీ బోర్డుకీ మధ్య కాగితమంత పలుచని రిబ్బన్ కేబుల్ ఉంది, లాగితే తెగుతుంది. సెల్ రెండు స్ప్రింగుల మధ్య బిగించి ఉంది, సోల్డరింగ్ అక్కర్లేకపోయింది. అదే నంబరు సెల్స్ రెండు తెచ్చి రెండు వైపులా మార్చాను. ఒక్కటే మారిస్తే పాతది ముందే ఖాళీ అయి మళ్ళీ ఇదే గోల.

రెండో జత కాడ ఉన్నది. బ్యాటరీ కాడలో సన్నటి గొట్టంలా ఉంటుంది, చుట్టూ జిగురు. బ్లేడుతో కోస్తుంటే కేబుల్ తెగింది. బ్యాటరీ తెగనందుకు సంతోషించాను. లిథియం సెల్‌కి చిల్లు పడితే మంటే, అందుకే దాని దగ్గరకు ఇనుప పనిముట్టు వద్దు. ఈ రకం ఎయిర్‌పాడ్స్‌కి ఐఫిక్సిట్ (గాడ్జెట్లు విప్పి చూసి మార్కులిచ్చే సైటు) వాళ్ళు రిపేరు విషయంలో పదికి సున్నా ఇచ్చింది ఊరికే కాదు. 2024లో ఫెయిర్‌ఫోన్ కంపెనీ తెచ్చిన ఫెయిర్‌బడ్స్ అనే ఇయర్‌బడ్స్‌కి మాత్రం పదికి పది ఇచ్చారు, వాటి బ్యాటరీ ఎవరైనా మార్చుకోవచ్చు.

మళ్ళీ అతికించాక నీళ్ళు, చెమట తట్టుకునే గుణం మునుపటిలా ఉండదు. బాగైన జతను ఇప్పుడు ఆఫీసు కాల్స్‌కే వాడుతున్నాను, జిమ్‌కి తీసుకెళ్ళను. మీవి కాడ ఉన్నవా, లేనివా? ఫోటో పెడితే ఎక్కడ పిక్ దూర్చాలో చెప్తాను.