సార్క్ నిద్రపోతోంది, మరి మా అమ్మాయి ఏం చేస్తుంది?

ప్రశ్న: నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి బీఏ ఎకనామిక్స్ చివరి సంవత్సరంలో ఉంది. డెవలప్‌మెంట్ ఎకనామిక్స్‌లో ఎంఏ చేసి, వర్ధమాన దేశాల మధ్య ఆర్థిక సహకారం మీద పనిచేస్తానంటోంది. సార్క్, బిమ్స్‌టెక్, ఏడీబీ అని ఏవేవో పేర్లు చెబుతుంది. సార్క్ సమావేశాలే జరగడం లేదని నేను పేపర్లో చదివాను. ఒక కన్సల్టెన్సీ వాళ్లు లండన్‌లో ఏడాది ఎంఏ, అన్నీ కలిపి 38 లక్షలు అవుతుందని చెప్పి 25 వేలు అడ్వాన్సు తీసుకున్నారు. నాకేమో ఎంబీఏ చేయించి బ్యాంకు పరీక్షలు రాయించాలని ఉంది. మా బావమరిది కొడుకు డల్లాస్‌లో ఉన్నాడు. అమ్మాయి ఏం చదువుతోందని వాళ్లు అడిగితే ఏం చెప్పాలో తెలియడం లేదు. మూడు దారులూ పోల్చి చెప్పండి.

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పోల్చి చెప్పమన్నారు, చెబుతాను. కానీ మీ అసలు బాధ చివరి నుంచి రెండో వాక్యంలో ఉంది. ఈ ఉత్తరం నాకు కొత్త కాదు. ఊరు మారుతుంది, కోర్సు మారుతుంది, డల్లాస్ బదులు మెల్‌బోర్న్ వస్తుంది. బంధువులకు ఒక్క ముక్కలో చెప్పలేని చదువు అంటే మనకు భయం. సాఫ్ట్‌వేర్ అంటే చాలు, అవతలివాళ్లు తలూపేస్తారు. ఇది అలా కాదు. అయితే ఆ ఇబ్బంది మీది, అమ్మాయిది కాదు. ముందు ఆ రెండూ విడదీసుకోండి.

ఇంకో మాట చెబితే కోపం తెచ్చుకోకండి. వర్ధమాన దేశాల మధ్య సహకారం గురించి అమ్మాయి ఏవేవో పేర్లు చెబుతోందని మిర్చి యార్డులో కూర్చునే మనిషి రాస్తే నాకు నవ్వొచ్చింది. 2020 జూలై గుర్తుందా? లాక్‌డౌన్‌లో లారీలు ఆగిపోయి సరుకు కదలని రోజులు. అప్పుడు మీ గుంటూరు పక్కనున్న రెడ్డిపాలెం నుంచి ఎండుమిర్చితో ఒక ప్రత్యేక పార్శిల్ రైలు బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు వెళ్లింది. మన రైల్వే దేశం సరిహద్దు దాటించిన మొదటి పార్శిల్ రైలు అదే. రోడ్డు మీద టన్నుకు 7,000 రూపాయలు పడే రవాణా ఖర్చు ఆ రైల్లో 4,608 పడింది. టిక్కీ, అంటే మిర్చి బస్తా, 40 కిలోలు అనుకుంటే టన్నుకు 25 టిక్కీలు. మీరు వేళ్ల మీదే లెక్క కట్టేస్తారు, టిక్కీకి 95 రూపాయలకు పైనే మిగిలింది. మామూలు గూడ్సు రైలు కావాలంటే ఒకేసారి 1,500 టన్నులకు పైగా సరుకు పోగెయ్యాలి, చిన్న వ్యాపారి వల్ల కాదు. పార్శిల్ రైలు కాబట్టి తక్కువ సరుకుతోనూ బండి కదిలింది.

ఎవరో ఒకరు ఆ లెక్క వేశారు. ఎవరో అటు ఢాకాతో మాట్లాడారు, ఎవరో కస్టమ్స్ కాగితాలు సరిచూశారు. మీ అమ్మాయి చేస్తానంటున్న పని అదే. టీవీలో ప్రధానులు వరసగా నిలబడి చేతులు కలుపుకునే ఫోటో ఈ పనిలో వందో వంతు కూడా కాదు.

ఇక సార్క్ సంగతి, అంటే దక్షిణాసియా దేశాల కూటమి. మీరు చదివింది నిజమే. 1985లో ఢాకాలో పుట్టింది, 2014లో కాఠ్మాండూలో చివరి శిఖరాగ్ర సమావేశం జరిగింది. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది ఉరీ దాడి తర్వాత ఆగిపోయింది, ఇప్పటికీ లేదు. ఆ తర్వాత మన ప్రభుత్వం బంగాళాఖాతం ప్రాంత దేశాల కూటమి బిమ్స్‌టెక్ వైపు మొగ్గింది. అదేమైనా పరుగులు పెడుతోందా అంటే, 1997లో పుట్టి 2022లో చార్టర్ రాసుకుంది, అది అమల్లోకి వచ్చింది 2024లో. పెళ్లయిన పాతికేళ్లకు శుభలేఖ అచ్చువేసినట్టు. దక్షిణాసియా దేశాలు తమలో తాము చేసుకునే వ్యాపారం వాటి మొత్తం వ్యాపారంలో 5 శాతం దగ్గరే తచ్చాడుతోంది. ఆగ్నేయాసియా దేశాలకు అది ఐదో వంతుకు పైమాటే.

అమ్మాయికి కూడా ఒక నిజం చెప్పాలి. సార్క్‌లో ఉద్యోగం, బిమ్స్‌టెక్‌లో ఉద్యోగం అనుకుంటే దానికి పోటీ పరీక్షంటూ ఏమీ లేదు. కాఠ్మాండూలో, ఢాకాలో ఉన్నవి చిన్న కార్యాలయాలు. అక్కడి డైరెక్టర్లను ఆయా దేశాల ప్రభుత్వాలే తమ అధికారుల్లోంచి పంపిస్తాయి. అంటే ఆ గుమ్మం దాకా వెళ్లాలన్నా ముందు మన దేశంలో ఏదో ఒక సర్వీసులోనో సంస్థలోనో కాలు మోపాలి. మనీలాలో ఉన్న ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ), ప్రపంచ బ్యాంకు లాంటి చోట్లయితే పీజీతో పాటు కొన్నేళ్ల అనుభవం అడుగుతారు. డిగ్రీ సర్టిఫికెట్ పట్టుకుని మనీలా విమానం ఎక్కేయడం ఉండదు.

మరి సంస్థలే నిద్రపోతుంటే పనెక్కడిది? ఇక్కడే చాలామంది పొరబడతారు. సమావేశాలు ఆగినా సరిహద్దు దగ్గర పని ఆగదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. నేపాల్‌లో వానాకాలం నదులు నిండి కరెంటు మిగులుతుంది. బంగ్లాదేశ్‌కు కరెంటు కావాలి. మధ్యలో మన నేల ఉంది. మన గ్రిడ్ మీదుగా నేపాల్ కరెంటు బంగ్లాదేశ్‌కు పంపడానికి 2024 అక్టోబర్‌లో కాఠ్మాండూలో మూడు దేశాల కరెంటు సంస్థలు సంతకాలు చేశాయి. ఎంతనుకుంటున్నారు? 40 మెగావాట్లు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఒక్క పాత యూనిట్టే 210 మెగావాట్లు. ఆ నలభై కోసం ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. యూనిట్ ధర 6.4 అమెరికన్ సెంట్లు, ఏడాదికి ఐదు నెలలు, జూన్ మధ్య నుంచి నవంబర్ మధ్య వరకు. మీటరు ఎక్కడ పెట్టాలి, దారిలో పోయే కరెంటు నష్టం ఎవరు భరించాలి, మన లైన్లు వాడుకున్నందుకు ఎంత, మధ్యవర్తి సంస్థ కమీషన్ ఎంత. కమీషన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? ఆ ఒప్పందంలో ప్రతి అంకె వెనక ఒక ఎకనామిక్స్ మనిషి, ఒక ఇంజనీరు, ఒక లాయరు కూర్చుని ఉంటారు.

అలాగని గులాబీ రంగు పూయను. 2025 మేలో బంగ్లాదేశ్ రెడీమేడ్ దుస్తులు భూమార్గంలో రాకుండా మన ప్రభుత్వం ఆపింది, ఓడరేవుల ద్వారానే రావాలంది. ఏళ్లకేళ్లు పేర్చుకున్నది ఒక్క నోటిఫికేషన్‌తో చెదిరిపోతుంది. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్ వాహనాలు ఒకరి రోడ్ల మీద ఒకరు తిరగడానికి 2015లో థింపూలో సంతకాలు చేశారు. భూటాన్ పార్లమెంటు పైసభ ఒప్పుకోలేదు. బంగ్లాదేశ్‌తో మనకున్న పెట్రాపోల్ సరిహద్దుకు వెళ్లి చూస్తే, మన లారీల్లో సరుకు దింపి వాళ్ల లారీల్లోకి ఎక్కించే దృశ్యం కనిపిస్తుంది. ఈ రంగంలో ఓపిక లేనివాళ్లు రెండేళ్లలో విసిగిపోతారు. మీ అమ్మాయికి ఆ ఓపిక ఉందా అన్నది మీరు చూసుకోవాల్సిన ప్రశ్న. డల్లాస్ వాళ్లు ఏమంటారన్నది కాదు.

ఇప్పుడు లండన్. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఈ విషయంలో నా చేతులూ కాలాయి. చాలా ఏళ్ల క్రితం కృష్ణా జిల్లా అబ్బాయి ఒకడు ఇదే కోరికతో వచ్చాడు. చక్కగా మాట్లాడతాడు, కాలేజీలో ఉత్తుత్తి ఐక్యరాజ్యసమితి పోటీలు పెడతారు కదా, కోటు వేసుకుని దేశం పేరు రాసిన అట్ట ముందు పెట్టుకుని ప్రసంగాలు, వాటిలో బహుమతులు తెచ్చుకున్నవాడు. ఇంగ్లండ్‌లో ఏడాది ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ ఎంఏ చేస్తానంటే మంచిదే వెళ్లు అన్నది నేనే. వెళ్లాడు. ఆ ఏడాది పేదరికం మీద, సాయం మీద వ్యాసాలు రాశాడు. లెక్కలు తాకలేదు. ఉద్యోగాలకు పెట్టుకుంటే ప్రతిచోటా డేటా విశ్లేషణ వచ్చా అని అడిగారు. ఐక్యరాజ్యసమితి ఇంటర్న్‌షిప్ దొరికే అవకాశం వచ్చింది, దానికి జీతం ఉండదు, పరాయి దేశంలో తిండీ గదీ మన ఖర్చే. తండ్రి అప్పటికే పొలం మీద అప్పు తెచ్చాడు. ఇప్పుడు ఆ అబ్బాయి హైదరాబాద్‌లో ఒక కంపెనీ హెచ్‌ఆర్‌లో ఉన్నాడు. పండక్కి ఫోన్ చేస్తాడు, నన్ను ఒక్క మాట అనడు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది.

అప్పటికంటే ఇప్పుడు ఇంకా బిగుసుకుంది. అమెరికా సాయం సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జూలైతో మూతపడింది. బ్రిటన్ విదేశీ సాయాన్ని జాతీయాదాయంలో 0.5 శాతం నుంచి 2027 నాటికి 0.3కు తగ్గిస్తోంది. ఆ డబ్బు మీద నడిచిన సంస్థల్లో పదేళ్లు, పదిహేనేళ్లు పనిచేసినవాళ్లే ఇప్పుడు ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు. వాళ్ల వరసలో మీ అమ్మాయి కొత్తగా వెళ్లి నిలబడాలి, 38 లక్షల బరువుతో. లండన్‌లో గట్టి కోర్సులు లేవని కాదు. లెక్కలు, ఎకనోమెట్రిక్స్ (గణాంకాలతో చేసే ఆర్థిక విశ్లేషణ) పిండేసే ఎంఎస్‌సీ, స్కాలర్‌షిప్‌తో వస్తే కళ్లకద్దుకుని పంపండి. కన్సల్టెన్సీ గ్యారంటీ ఇచ్చే సీటు ఆ రకం కాదు. అడిగిన ప్రతివాడికీ దొరికే సీటుకు గ్యారంటీ ఎందుకయ్యా?

ఇక్కడి ఎంఏ గురించి. పరీక్ష తేదీలు, సిలబస్ నేను రాయను, అమ్మాయి ఫోన్‌లో నాకంటే ముందే ఉంటాయి. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, జేఎన్‌యూ, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తిరువనంతపురంలో సీడీఎస్ (సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్), ముంబైలో ఐజీఐడీఆర్ (ఇందిరా గాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ), వీటిలో ఎక్కడ సీటొచ్చినా చేర్చండి. విదేశీ వాణిజ్యం నేర్పే ఐఐఎఫ్‌టీలో ట్రేడ్, ఫైనాన్స్ కలిపి ఎకనామిక్స్ ఎంఏ ఉంది, మీ యార్డు వాసన ఉన్న పిల్లకు అది సరిగ్గా అతుకుతుంది. ఇంకోటి, ఢిల్లీలో సౌత్ ఏషియన్ యూనివర్సిటీ. సార్క్ దేశాలు కలిసి పెట్టింది, 2010లో తరగతులు మొదలయ్యాయి. సార్క్ నిద్రపోతున్నా అక్కడ క్లాసులో నేపాల్ పిల్ల, బంగ్లాదేశ్ పిల్ల పక్కపక్కన కూర్చుని చదువుతారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పక్కసీటు పిల్ల ఢాకాలో వాణిజ్య శాఖ అధికారి అయితే, ఆ పరిచయం ఏ లండన్‌లో దొరుకుతుంది?

ఆ చదువు తర్వాత ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ రాయొచ్చు, దానికి ఎకనామిక్స్ పీజీ తప్పనిసరి కాబట్టి పోటీ సివిల్స్ అంత జన సముద్రం కాదు. వర్ధమాన దేశాలకు మన ప్రభుత్వం తరఫున అప్పులిచ్చే ఎగ్జిమ్ బ్యాంకు ఉంది. మీకు బ్యాంకు ఉద్యోగం కావాలన్నారుగా, అదీ బ్యాంకే. వర్ధమాన దేశాల మీదే పరిశోధన చేసే ఆర్‌ఐఎస్ ఢిల్లీలో ఉంది. ఇక ఢిల్లీ దాకా ఎందుకు, యూసుఫ్‌గూడలో ఎంఎస్‌ఎంఈ సంస్థకు, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థకు ఆఫ్రికా, ఆసియా దేశాల అధికారులు మన ప్రభుత్వ ఖర్చుతో వచ్చి శిక్షణ తీసుకుంటారు. ఐటెక్ అంటారు, 1964 నుంచి నడుస్తోంది. పటాన్‌చెరులో మెట్ట పంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి ఉంది. షాంఘైలో ఉన్న బ్రిక్స్ దేశాల బ్యాంకు మన ఆంధ్రప్రదేశ్ రోడ్లకు, వంతెనలకు రెండు ప్రాజెక్టుల కింద 64 కోట్ల డాలర్లకు పైగా అప్పు మంజూరు చేసింది. మీ మండలంలో వేసిన రోడ్డు వెనక కూడా ఈ రంగం ఉండొచ్చు.

ఎంబీఏ గురించి ఎక్కువ చెప్పను. మంచి కాలేజీలో అయితే మంచిదే, సందు చివర కాలేజీలో అయితే రెండేళ్లు, కొన్ని లక్షలు పోయి మళ్లీ అదే బ్యాంకు పరీక్ష. దానికి బీఏ చాలు. పైగా ఎకనామిక్స్ ఎంఏ చదివిన అమ్మాయికి బ్యాంకు పరీక్ష తలుపులు మూసుకుపోవు, రిజర్వు బ్యాంకులో అయితే ఎకనామిక్స్ వాళ్లకు విడిగా పోస్టులే ఉన్నాయి. మూడు దారులూ విడివిడిగా పట్టిక వేసి చూపిస్తాడని అనుకుని ఉంటారు. మీ అమ్మాయి విషయంలో పట్టిక అక్కర్లేదు. ఇక్కడి ఎంఏ తీసుకుంటే మీరు భయపడే రోజు వచ్చినా వెనక్కి రావడానికి దారి ఉంటుంది, అప్పు ఉండదు. టెన్షన్ తగ్గించుకోండి, పిల్ల గాల్లో మేడలు కట్టడం లేదు.

అమ్మాయికి నా తరఫున రెండు పనులు చెప్పండి. బీఏలో లెక్కలు తప్పించుకుని ఉంటే ఈ వేసవిలోనే స్టాటిస్టిక్స్ మొదలుపెట్టమనండి, అది లేకపోతే పైన చెప్పిన ఏ గుమ్మమూ తెరుచుకోదు. రెండోది, బెంగాలీ నేర్చుకోమనండి. ఢాకా వాళ్లతో ఇంగ్లిష్‌లో పని జరుగుతుంది గానీ వాళ్ల భాషలో వేగంగా జరుగుతుంది.

మీకూ ఒక పని ఉంది. యార్డులో బంగ్లాదేశ్‌కో శ్రీలంకకో సరుకు పంపే ఎగుమతిదారు మీకు తెలిసే ఉంటాడు. వారం రోజులు అమ్మాయిని ఆయన ఆఫీసులో కూర్చోబెట్టండి. షిప్పింగ్ బిల్లు మీద 0904 అనే సరుకు కోడ్ ఎందుకు రాస్తారో, శాంపిల్ ల్యాబ్‌కు ఎందుకు వెళుతుందో, బూజు వల్ల వచ్చే విషం అఫ్లాటాక్సిన్ ఎక్కువ వస్తే సరుకు ఏమవుతుందో, డబ్బు ఎన్ని రోజులకు చేతికొస్తుందో చూడనివ్వండి. ఆ వారం అయ్యాక కూడా కళ్లు మెరుస్తుంటే ఎంఏ ఫారం నింపించండి. విసుగేసిందంటే నాకు మళ్లీ రాయండి, వేరే దారి చూద్దాం. యార్డులో ఆడపిల్లేమిటని మాత్రం అనకండి. అక్కడ తొడిమలు తీసేవాళ్లంతా ఎవరు?

బావమరిది గారు అడిగితే, మన మిర్చి పక్క దేశానికి ఏ ధరకు, ఏ దారిన వెళ్లాలో తేల్చే చదువని చెప్పండి.

ఇక ఆ కన్సల్టెన్సీకి కట్టిన 25 వేలు వెనక్కి అడగండి. ఇవ్వరు. అయినా రసీదు పట్టుకుని వెళ్లి అడగండి.