ముందు ఉమ్మడి జాబితా, ఆ తరువాతే స్కానరు

ప్రశ్న: విశాఖపట్నంలోని నాలుగు విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలవాళ్ళం కలిసి, ఉత్తరాంధ్ర చరిత్రకూ భాషకూ సంబంధించిన పాత తెలుగు పుస్తకాలను డిజిటల్ రూపంలో ఒకచోట చేర్చాలనుకుంటున్నాం. ఎవరికి వారు స్కానరు కొని, తమ పుస్తకాలు తాము స్కాన్ చేసుకుని, చివరకు అన్నిటినీ ఒకే వెబ్‌సైటులో పెడదామని మొదటి సమావేశంలో అనుకున్నాం. ఈ పద్ధతి సరైనదేనా?
— ఒక గ్రంథాలయాధికారి, విశాఖపట్నం

జవాబు: ఉద్దేశం మంచిదే కాని, పనుల వరుస తిరగబడింది. స్కానరు కొనడం ఇందులో అన్నిటికంటే తేలిక. టెండరు పిలిస్తే తెచ్చి బిగించి వెళ్తారు. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో, ఎవరి ప్రతిలో పుటలన్నీ ఉన్నాయో తేల్చుకోకుండా మొదలుపెడితే, ఒకే పుస్తకాన్ని నాలుగు చోట్లా స్కాన్ చేసి, అరుదైన పుస్తకం మాత్రం ఎవరి కంటా పడక బీరువాలోనే ఉండిపోతుంది. కనుక తొలి ఆరు నెలలు ఉమ్మడి జాబితాకే కేటాయించండి.

ఇక్కడ చిన్న ఉదాహరణ చెబుతాను. ఇటీవల వానాకాలంలో ఒక పాత పాఠ్యపుస్తకం చేతికి వచ్చింది. ముఖపత్రం మీద అచ్చయిన సంవత్సరం పైనే గ్రంథాలయం వారు ఊదారంగు ముద్ర గట్టిగా వేయడంతో చివరి అంకె కనిపించడం లేదు. పురుగు తొలిచిన సన్నటి రంధ్రం అట్ట దగ్గర మొదలై నలభై పుటల దాకా పోయింది. సముద్రపు గాలి చెమ్మకు 96, 97 పుటలు అతుక్కుపోయాయి. ఇదే పుస్తకం మరో గ్రంథాలయంలో అట్ట లేకుండా, కుట్టు వదిలిపోయి ఉంది. అయితే 97వ పుట మాత్రం చక్కగా చదవడానికి వస్తుంది. రెండు ప్రతులూ కలిస్తేనే అది ఒక పుస్తకం అవుతుంది. మీ ప్రయత్నంలో ఉమ్మడి అన్న మాటకు నేను చెప్పుకునే అర్థం ఇదే. అందుకే జాబితాలో పుస్తకం పేరుతో పాటు ప్రతి స్థితికి, లోపించిన పుటలకు విడిగా గళ్ళు ఉండాలి.

జాబితాలు కలిపేటప్పుడు అసలు చిక్కు పేర్లతో వస్తుంది. ఒకచోట ‘గురజాడ అప్పారావు’ అని, మరొకచోట ‘అప్పారావు, గురజాడ’ అని, ఇంకొకచోట ‘గురజాడ వేంకట అప్పారావు’ అని ఉంటుంది. నాలుగో చోట ఇంగ్లీషు అక్షరాలలో పొడి అక్షరాలతో ఉంటుంది. మనకు మహాకవి ఒక్కరే కాని, కంప్యూటరుకు నలుగురు. దీనికి మందు, ప్రతి రచయితకూ ఒక స్థిరమైన రూపాన్ని నిర్ణయించి, మిగిలిన రూపాలన్నిటినీ దానికి ముడిపెట్టడమే. ఊళ్ళ సంగతీ అంతే: విశాఖపట్టణము, వైజాగు, వాల్తేరు అన్నవి దేనితో వెతికినా చేరవలసిన చోటికి చేరాలి. అరసున్నలూ బండి ఱలూ ఉన్న పాత శీర్షికను ఒక గడిలో అచ్చయినట్టే ఎక్కించి, పక్క గడిలో నేటి వర్ణక్రమంలో రాయండి. ఈ కాలపు విద్యార్థి అరసున్న కొట్టి వెతుకుతాడని ఆశించకూడదు. డీటీపీ ఫాంట్లలో పూర్వం ఎక్కించిన రికార్డులుంటే ముందుగా ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. పుస్తక వివరాలు నమోదు చేయడానికి వాడే డబ్లిన్ కోర్ పద్ధతిలోని 15 అంశాలు పునాదిగా చాలు. పైన చెప్పిన గళ్ళను దానికి కలుపుకోండి.

ఈ పనిలో అశ్రద్ధ ఎంత నష్టం చేస్తుందో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చూపించింది. ఆ పథకం వేల తెలుగు పుస్తకాలను పాఠకుల ముందుకు తెచ్చింది, ఆ రుణం తీరేది కాదు. కాని ఇంగ్లీషు అక్షరాలలో అడ్డదిడ్డంగా ఎక్కించిన శీర్షికల వల్ల ఉన్న పుస్తకమే దొరకని సందర్భాలు కోకొల్లలు. తరువాత ఆ వెబ్‌సైటు మూతపడినా, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉండబట్టి మనం ఇప్పటికీ చదువుకోగలుగుతున్నాం.

నిల్వ విషయంలో లెక్క ముందే వేసుకోండి. డెమీ సైజు పుటను అంగుళానికి 400 చుక్కల చొప్పున రంగులలో స్కాన్ చేస్తే, కుదించని బొమ్మ ఫైలు (టిఫ్) ఒక్కొక్కటి సుమారు 22 మెగాబైట్లు అవుతుంది. 300 పుటల పుస్తకానికి దాదాపు 6.7 గిగాబైట్లు, పది వేల పుస్తకాలకు 67 టెరాబైట్లు. దానికి కనీసం మరొక పూర్తి ప్రతి ఉండాలి, అదీ ఈ ఊళ్ళో కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన రోజును చూసినవారికి దీనికి వేరే కారణం చెప్పనక్కరలేదు. నాలుగు గ్రంథాలయాలూ ఒకే తీరాన ఉన్నప్పుడు నాలుగు ప్రతులున్నా ఒక ప్రతి కిందే లెక్క.

ఖర్చుల పంపకం గురించి మీరు అడగలేదు కాని, తగువు వచ్చేది అక్కడే. 2008లో అమెరికా విశ్వవిద్యాలయాలు మొదలుపెట్టిన ఉమ్మడి డిజిటల్ గ్రంథాలయం హాతీట్రస్ట్‌లో, కాపీరైటు ఉన్న పుస్తకాల నిల్వ ఖర్చును ఆయా అచ్చు ప్రతులు తమ దగ్గర ఉన్న గ్రంథాలయాలు పంచుకునే పద్ధతి పెట్టారు. ఎవరి దగ్గర ఏముందో తెలిస్తేనే వాటాలు తేలతాయి కదా. చూశారా, మళ్ళీ జాబితా దగ్గరికే వచ్చాం. ఒక సంస్థ మధ్యలో తప్పుకుంటే దాని ఫైళ్ళు ఎవరివి అన్నది కూడా ఒప్పంద పత్రంలో మొదటిరోజే రాయించండి.

ప్రశ్న: పుస్తకం మా గ్రంథాలయం కొన్నదే అయినప్పుడు, దాన్ని స్కాన్ చేసి అందరికీ చూపించడానికి అభ్యంతరమేమిటి?
— అదే బృందంలోని మరొక సభ్యుడు

జవాబు: మీరు కొన్నది ప్రతిని, హక్కును కాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలమూ, మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్ళూ రక్షణ ఉంటుంది. 1915లో మరణించిన గురజాడ, 1940లో మరణించిన గిడుగు రామమూర్తి రచనలకు ఆ గడువు ఎప్పుడో తీరింది. 1965లో మరణించిన రచయితల పుస్తకాలు 2026 జనవరి 1 నుంచి స్వేచ్ఛగా వాడుకోవచ్చు. మన విశాఖ రచయిత రావిశాస్త్రి 1993లో మరణించారు కనుక ఆయన రచనలకు 2053 చివరి దాకా వారసుల అనుమతి కావాలి. పాత పుస్తకమే అయినా, కొత్త ముద్రణలో చేరిన పీఠికకు, బొమ్మలకు వేరే హక్కుదారులు ఉంటారని మరువకండి.

2012 సవరణతో 52వ సెక్షనులో చేరిన ఒక వెసులుబాటు ఉంది. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన దగ్గర అచ్చు ప్రతి ఉన్న పుస్తకాన్ని భద్రపరచడం కోసం ఎలక్ట్రానిక్ రూపంలో నిల్వ చేసుకోవచ్చు. అది భద్రతకే కాని, లోకమంతటికీ తెరిచి పెట్టడానికి కాదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ మాట కిందకు వస్తుందా అన్నది న్యాయ సలహాతో తేల్చుకోండి. సబ్బవరంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాన్ని పెట్టుకుని సలహా కోసం హైదరాబాదు దాకా వెళ్ళనక్కరలేదు.

ప్రశ్న: శోధగంగ, జాతీయ డిజిటల్ లైబ్రరీ, ఒకే దేశం–ఒకే చందా ఇవన్నీ ఉండగా మళ్ళీ ఈ ప్రయత్నం ఎందుకు?
— ఒక పరిశోధక విద్యార్థిని, ఎం.వి.పి. కాలనీ

జవాబు: మూడూ మూడు వేరే పనులు చేస్తున్నాయి. 2025 జనవరిలో మొదలైన ఒకే దేశం–ఒకే చందా పథకం 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పరిశోధన పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తుంది. చందా ఆగితే అందుబాటూ ఆగుతుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే జాతీయ డిజిటల్ లైబ్రరీ ప్రధానంగా ఏది ఎక్కడుందో చూపించే ద్వారం. మీ ఊరి బీరువాలో ఉన్న పుస్తకాన్ని ఎవరో ఒకరు స్కాన్ చేసి పెడితే కదా, అది అక్కడ కనిపించేది. డీస్పేస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరు వాడితే రికార్డులను అటు పంపించే సదుపాయం అందులోనే ఉంటుంది.

ఇక శోధగంగ, విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే చోటు. అందులో ఉన్నవాటిని మళ్ళీ స్కాన్ చేయవద్దు. అయితే ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలన్న యూజీసీ నిబంధన వచ్చింది 2009లో. అంతకు ముందు టైపు మిషను మీద కొట్టించి, కార్బన్ ప్రతులతో సమర్పించినవాటిలో అక్కడికి చేరనివి ఏవో సరిచూసి, సిరా వెలిసిపోతున్న కార్బన్ ప్రతులతో మొదలుపెట్టమని మీ గ్రంథాలయాధికారిని అడగండి.