ఇంటర్లో బంతి అటకెక్కకూడదు

ప్రశ్న: మాది కాజీపేట. మా అబ్బాయి పదో తరగతి, ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. ఈ ఏడాది స్కూల్ గేమ్స్ అండర్-17 బాస్కెట్‌బాల్‌లో రాష్ట్ర జట్టు తరఫున నేషనల్స్ ఆడొచ్చాడు. ఆట మాన్పించొద్దని పీఈటీ సార్ అంటున్నారు. మేం హనుమకొండలో ఎంపీసీ రెసిడెన్షియల్‌లో చేర్పిద్దామనుకుంటున్నాం. ఈలోగా ఒకాయన మూడు లక్షలు కడితే స్కాలర్‌షిప్ మీద అమెరికా పంపిస్తానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మూడు లక్షలు బ్యాంకులోనే ఉండనివ్వండి. అమెరికా కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్ ఉన్నమాట నిజం. కానీ ఎవరిని తీసుకోవాలో చెప్పేది అక్కడి కోచ్, ఇక్కడ డబ్బు కట్టించుకునే మనిషి కాదు. అక్కడి కాలేజీ ఆటలను చూసే ఎన్‌సీఏఏలో మూడు డివిజన్లుంటాయి. మూడో డివిజన్ కాలేజీలు ఆటను చూసి పైసా ఇవ్వవు. మొదటి డివిజన్‌కు వెళ్లాలంటే తొమ్మిదో తరగతి నుంచి చదివిన ముఖ్య సబ్జెక్టుల్లో పదహారింటి మార్కులు లెక్కలోకి తీసుకుంటారు. అంటే మీవాడి మార్కుల లెక్క నిరుడే మొదలైంది. పంజాబ్‌లోని బల్లోకే అనే పల్లె నుంచి సత్నామ్ సింగ్ 14 ఏళ్లకే 2010లో ఫ్లోరిడా అకాడమీకి వెళ్లాడు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2015లో డల్లాస్ మావెరిక్స్ జట్టు అతన్ని 52వ ఎంపికగా తీసుకుంది. ఇండియాలో పుట్టి డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు అతనే. ఎత్తు ఏడడుగుల పైనే. అయినా ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. మీవాణ్ణి నిరుత్సాహపరచాలని చెప్పడం లేదు, దారి ఎంత ఇరుకో తెలియాలని చెబుతున్నాను. మ్యాచ్‌లు మాత్రం మొదటినుంచి చివరిదాకా ఫోన్‌లో తీసి దాచండి. కోచ్‌లు అడిగేవాటిలో అదొకటి.

ఇక అసలు సంగతి ఇంటర్. నా దగ్గరికి వచ్చిన ఆటగాళ్లలో ఎక్కువమంది ఓడిపోయి మానలేదు, ఇంటర్ హాస్టల్లో చేరి మానారు. నేనూ ఆ బాపతే. షూస్ ట్రంకుపెట్టె అడుగున పెట్టి, రెండేళ్ల తర్వాత తీస్తే కాలికి పట్టలేదు. పదహారు, పదిహేడేళ్లు ఒళ్లు గట్టిపడే వయసు. అప్పుడు రెండేళ్లు విరామమిస్తే పక్కవాడు దాటిపోతాడు.

ఇంకో చిక్కుంది. స్కూల్ నేషనల్స్‌కు ఇచ్చే ఫారం-4 సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా, ఉద్యోగం వస్తుందిలే అనుకుంటారు చాలామంది. రైల్వే సంగతి కాజీపేట వాళ్లకు నేను చెప్పాలా! అయినా చెబుతాను. స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లలో నడుస్తున్న ఆర్థిక సంవత్సరం, దాని ముందు రెండేళ్ల ఆటనే చూస్తారు. పదో తరగతి కాగితం పద్దెనిమిదేళ్లు దాటేసరికి పాతబడుతుంది. రాష్ట్ర సంఘం తరఫున జాతీయ పోటీలు ఆడితే ఫారం-2, యూనివర్సిటీకి ఆడితే ఫారం-3. బరువున్న కాగితాలు ఇవి, ఇవి ఎక్కువగా దొరికేది ఇంటర్‌లో, డిగ్రీలో ఆడినవాళ్లకే. ఇంజినీరింగ్ సీట్లలో క్రీడల కోటా అర శాతమే కాబట్టి దాన్ని నమ్ముకుని చదువు వదలొద్దు.

మీ ఉత్తరంలో నాకు కనబడనిది ఒకటుంది. అబ్బాయికి లెక్కలంటే ఇష్టమేనా? ఇష్టమైతే ఎంపీసీనే చదవనివ్వండి, కానీ పొద్దున ఆరింటి నుంచి రాత్రి పదింటిదాకా స్టడీ అవర్స్ పెట్టే చోట వద్దు. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూడండి. సాయంత్రం రెండు గంటలు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వైపు వెళ్లగలగాలి. ఇంటర్ పిల్లలకు అండర్-19 స్కూల్ గేమ్స్ ఉంటాయి, వాటికి పంపుతారా అని ప్రిన్సిపల్‌ను సూటిగా అడగండి. లెక్కలు ఇష్టం లేకపోతే సీఈసీ తీసుకుంటే నామోషీ ఏమీ లేదు. డిగ్రీ తర్వాత పీఈటీలు చదివే బీపీఈడీ, పటియాలాలో కోచింగ్ డిప్లొమా కూడా బతుకుదెరువులే.

కోచ్‌తో ఒక మాట మాట్లాడండి. మన స్కూల్ జట్లలో ఆరడుగుల పిల్లవాణ్ణి బోర్డు కింద నిలబెట్టి రీబౌండ్లు, అంటే గురితప్పి వెనక్కొచ్చే బంతులు పట్టమంటారు. సీనియర్స్‌కు వెళ్లేసరికి ఆ ఎత్తు గార్డులకుంటుంది, అంటే దూరం నుంచి బంతి నడిపించి ఆడేవాళ్లకు. ఇప్పటినుంచే రెండు చేతులా డ్రిబ్లింగ్, దూరం నుంచి షాట్ నేర్పించమనండి. మోకాలి చిప్ప కింద నొప్పంటే స్ప్రే కొట్టి ఆడించకండి, డాక్టర్‌కు చూపించండి.

కాలేజీ చూడ్డానికి ఆదివారం వెళ్లకండి. మామూలు రోజు సాయంత్రం ఐదింటికి వెళ్లి, కోర్టులో పిల్లలున్నారో, స్టాఫ్ స్కూటర్లున్నాయో చూసి ఫీజు కట్టండి.