వాహన సందేహాలు: చార్జింగ్ నిలవని పాత బండి

ప్రశ్న: మాది 2004 నాటి డీజిల్ క్వాలిస్. ఏడాదిన్నరలో రెండు బ్యాటరీలు మార్చాము, మూడోదీ దిగిపోతోంది. రెండు రోజులు ఇంటి ముందు నిలిపితే మూడో రోజు ఉదయం సెల్ఫ్ తిరగదు, నలుగురం కలిసి నెట్టవలసి వస్తోంది. రాత్రిపూట హెడ్‌లైట్లు, ఏసీ కలిపి వేసినప్పుడు డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు సన్నగా వెలుగుతోంది, పగలు మాత్రం కనిపించదు. మా ఊరి ఎలక్ట్రీషియన్ ఇంజిన్ నడుస్తుండగానే బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి, ఇంజిన్ ఆగలేదు కనుక కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు ఏ లోపమూ లేదని, బ్యాటరీయే నాసిరకమని తేల్చాడు. ఈ మధ్య బ్రేకు కూడా కాస్త గట్టిగా తొక్కవలసి వస్తోంది గాని, అది వేరే సంగతి. ఇంకో బ్యాటరీ కొనమంటారా?
– ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ఇప్పుడే కొనకండి. మీరు వేరే సంగతి అని పక్కన పెట్టిన బ్రేకు విషయమే ఈ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. దాని దగ్గరికి వచ్చే ముందు ఎలక్ట్రీషియన్ చేసిన పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్కు ప్లగ్గులు ఉండవు. ఇంధన పంపు దగ్గర ఉండే, ఇంధనాన్ని వదిలే కరెంటు వాల్వు అయిన సోలినాయిడ్‌కు కొద్దిపాటి కరెంటు అందితే చాలు, ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి టెర్మినల్ పీకినా ఇంజిన్ ఆగకపోవడం వల్ల ఆల్టర్నేటర్ ఎంతో కొంత కరెంటు ఇస్తోందని మాత్రమే తెలుస్తుంది, హెడ్‌లైట్లకూ ఏసీకీ ఇచ్చాక బ్యాటరీని నింపడానికి మిగులుతోందా లేదా అన్నది తెలియదు. పైగా బ్యాటరీ ఆసరా ఒక్కసారిగా తొలగితే వోల్టేజి ఉన్నట్టుండి పైకి ఎగిసి, ఆల్టర్నేటర్‌లోని కరెంటును ఒక దిక్కుకే పోనిచ్చే డయోడ్లను, వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటర్‌ను దెబ్బతీయవచ్చు. కంప్యూటర్ ఉన్న కొత్త బండ్లలో ఈ పని చేస్తే నష్టం ఇంకా ఎక్కువ. ఎవరైనా మీ బండి మీద మళ్లీ ఈ పరీక్షకు సిద్ధపడితే మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

దీనికి బదులు ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్ తెచ్చుకుని, ఉదయం తాళం పెట్టకముందే బ్యాటరీ రెండు టెర్మినళ్ల మధ్య కొలవండి. పూర్తిగా నిండిన బ్యాటరీ రాత్రంతా కదలకుండా ఉన్న తరువాత 12.6 వోల్టులకు అటూ ఇటూగా చూపుతుంది. 12.2 చూపితే సగమే ఉందని, 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ అయిందని అర్థం చేసుకోవాలి. ఆ తరువాత మరొకరిని సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. ఆ క్షణంలో వోల్టేజి సుమారు 9.6కు దిగువకు పడిపోతే బ్యాటరీ బలహీనంగా ఉన్నట్టే. ఇంజిన్ స్టార్టయ్యాక ఐడిల్ మీద కాకుండా కొంచెం రేస్ చేసి, హెడ్‌లైట్లు, ఏసీ, బ్లోయర్ అన్నీ వేసి చూడండి. అప్పుడు 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. మీ బండిలో ఇది 13 దాటదని నా అనుమానం.

అంతమాత్రాన ఆల్టర్నేటర్ మీద తీర్పు చెప్పేయకూడదు, ఎందుకంటే అక్కడ పుట్టిన కరెంటు బ్యాటరీకి చేరే దారిలోనే పోతూ ఉండవచ్చు. అన్నీ వేసి ఉన్న అదే స్థితిలో మీటరు ఎర్ర తీగను ఆల్టర్నేటర్ వెనుక లావు వైరు బిగించిన బోల్టుకు, నల్ల తీగను బ్యాటరీ పాజిటివ్‌కు తాకించండి. తేడా 0.3 వోల్టులకు మించితే మధ్యలోని మెయిన్ ఫ్యూజు కాళ్లో, వైరు చివరి లగ్గో తుప్పు పట్టి ఉంటుంది. ఇదే విధంగా ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య కొలిస్తే 0.2కు మించకూడదు, మించితే ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే ఎర్త్ పట్టీని విప్పి, గీకి, బిగించాలి. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు కదిలే బండ్లలో కూడా ముందుగా అనుమానించవలసింది ఈ ఎర్త్‌నే. బెల్టు సంగతి చెప్పనక్కరలేదు, లోపలి వైపు అద్దంలా మెరుస్తుంటే మార్చేయండి.

ఇక బ్రేకు విషయం. పెట్రోల్ ఇంజిన్‌లో, కాలి బలాన్ని పెంచే బ్రేకు బూస్టర్‌కు కావలసిన వ్యాక్యూం (గాలి లేని ఖాళీ) ఇంజిన్ పీల్చే గాలి నుంచే దొరుకుతుంది, డీజిల్‌లో ఆ సదుపాయం లేదు. అందుకని క్వాలిస్ తరం డీజిల్ బండ్లు చాలావాటిలో ఆల్టర్నేటర్ వెనుకనే, అదే షాఫ్ట్ మీద తిరిగే చిన్న వ్యాక్యూం పంపును అమర్చారు. ఆ పంపుకు ఇంజిన్ ఆయిల్ ఒక సన్నని పైపు ద్వారా వచ్చి, మరో గొట్టం గుండా కిందికి దిగిపోతుంది. ఏళ్లు గడిచి పంపుకూ ఆల్టర్నేటర్‌కూ మధ్య ఉన్న సీలు గట్టిపడితే ఆయిల్ లోపలికి చెమర్చి, కార్బన్ల (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షుల) పొడితో కలిసి నల్లటి ముద్దగా మారి, ఆ కార్బన్లు ఆనే స్లిప్ రింగుల మీద పేరుకుంటుంది. కార్బన్లు సరిగా ఆనక చార్జింగ్ తగ్గుతుంది, వేడికి డయోడ్లూ పోతాయి. డయోడ్ ఒకటి పాడైతే రెండు లక్షణాలు కనిపిస్తాయి: ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దీపం సన్నగా వెలుగుతుంది, బండి నిలిపి ఉంచినప్పుడు బ్యాటరీలోని కరెంటు ఆ డయోడ్ గుండానే వెనక్కి కారిపోతుంది. మీరు రాసిన దీపం, రెండు రోజులకే దిగిపోవడం, బరువెక్కిన బ్రేకు మూడూ ఒకే చోట నుంచి పుట్టి ఉండవచ్చు.

దీనిని విప్పకుండానే చాలావరకు నిర్ధారించుకోవచ్చు. ఇంజిన్ ఆపి బ్రేకు పెడల్‌ను గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కి, కాలు తీయకుండా స్టార్ట్ చేయండి. వ్యాక్యూం సరిగా వస్తుంటే పెడల్ కాలి కింద కొద్దిగా దిగుతుంది, దిగకపోతే పంపునూ, బూస్టర్‌కు వెళ్లే రబ్బరు పైపునూ ఆ రోజే చూపించాలి. మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద కొలిస్తే అర వోల్టుకు మించి చూపడం డయోడ్ పోయినదానికి గుర్తు. చివరగా ఆల్టర్నేటర్ అడుగు భాగాన్ని తెల్లటి గుడ్డతో తుడిచి చూడండి. గుడ్డకు పొడిదుమ్ము అంటితే సరే, నల్లటి జిడ్డు అంటితే లోపలి సీలు పోయినట్టే అనుకోవచ్చు.

మరమ్మతుకు ఇచ్చేటప్పుడు కార్బన్లు, డయోడ్ ప్లేటుతో పాటు ఆ సీలును, వీలుంటే బేరింగులను కూడా తప్పక మార్చమనండి. సీలు ధర స్వల్పమే గాని, దానిని వదిలేసి మిగతావన్నీ కొత్తవి వేసినా మళ్లీ ఆయిల్ దిగి అదే కథ మొదలవుతుంది. వెనక్కి బిగించాక ఆయిల్ కిందికి దిగే గొట్టం నలగకుండా ఉందో లేదో మీరే వంగి చూసుకోండి. ఈ పనులన్నీ అయ్యేవరకు బండిని ఘాట్ రోడ్డు మీదికి తీసుకువెళ్లవద్దు, ఎందుకంటే బెల్టు తెగితే మీ బండిలో చార్జింగుతో పాటు బ్రేకు బలమూ పోతుంది.

పాత బ్యాటరీలు నాసిరకమని నేను అనుకోవడం లేదు. ఎప్పుడూ సగం నిండి ఉండే బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి, అది తొందరగా చచ్చిపోతుంది. ఇప్పుడున్నదానిని విప్పి బ్యాటరీ దుకాణంలో నిదానంగా, అంటే 70 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయితే 7 ఆంపియర్లకు మించకుండా చార్జింగ్ పెట్టించి, ఆరు సెల్లుల గ్రావిటీ (యాసిడ్ సాంద్రత) చూపించండి. అన్నీ 1.260 పైన, ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఇంకా వాడుకోవచ్చు. ఏ ఒక్క సెల్లయినా మిగతావాటికన్నా 0.050 తక్కువ చూపితే దాని మీద ఆశ వదులుకోవచ్చు.

ప్రశ్న: మా పాత ఎస్‌యూవీలో రెండు మూడు వారాలకు ఒకసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయవలసి వస్తోంది. హెడ్‌లైటు బల్బులు కూడా తరచుగా పోతున్నాయి. ఎండల వల్లనేనా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: వేసవిలో నీరు కొంత వేగంగా తగ్గుతుంది గాని ఇంత వేగంగా తగ్గదు, ఎండలకు బల్బులు పోవు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద కొలవండి, 14.8 దాటి 15 వైపు పోతుంటే ఆల్టర్నేటర్‌లోని రెగ్యులేటర్ పోయిందని భావించాలి. ఎక్కువ చార్జింగుతో బ్యాటరీ ఉడికిపోతుంది. అప్పుడు వెలువడే వాయువులో హైడ్రోజన్ ఉంటుంది కనుక, బానెట్ తెరిచి దగ్గరగా చూసేటప్పుడు అగ్గిపుల్ల, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు. రెగ్యులేటర్ మార్చేదాకా దూర ప్రయాణాలు మానండి. బ్యాటరీలో మామూలు కుళాయి నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయవద్దు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. రాజమండ్రిలో మా నాన్నగారి దగ్గర ఉన్న బండిని నెలకోసారే తీస్తాము, ప్రతిసారీ బ్యాటరీ డౌన్ అయి ఉంటుంది. నాన్నగారు వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నా లాభం లేదు. కిందటేడు స్టీరియో, అదనపు లైట్లు పెట్టించాము.
– ఒక పాఠకుడు

జవాబు: సెల్ఫ్ కొట్టడానికీ గ్లో ప్లగ్గులు (డీజిల్ ఇంజిన్‌ను స్టార్టుకు ముందు వేడి చేసేవి) వేడెక్కడానికీ ఖర్చయ్యేది పది నిమిషాల ఐడిల్‌లో పూర్తిగా తిరిగి రాదు. నాన్నగారికి ఆ శ్రమ మాన్పించండి. అనుమానించవలసింది మీరు పెట్టించిన స్టీరియోను. దానిని తాళంతో నిమిత్తం లేకుండా నేరుగా బ్యాటరీకి కలిపితే రాత్రింబగళ్లు కరెంటు తాగుతూనే ఉంటుంది. తలుపులన్నీ మూసి, ఇగ్నిషన్ నుంచి తాళంచెవి తీసి, అరగంట ఆగి, నెగెటివ్ కేబుల్ విప్పి, ఆ కేబుల్‌కూ బ్యాటరీకీ మధ్య మీటరును 10 ఆంపియర్ల స్థానంలో పెట్టి కొలవండి. మీటరు కలిపి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, కొడితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. పాత బండిలో 50 మిల్లీఆంపియర్ల లోపు చూపితే సహజమే. అర ఆంపియర్ చూపిందంటే రోజుకు 12 ఆంపియర్-అవర్లు పోతున్నట్టు. ఆ లెక్కన 60 ఆంపియర్-అవర్ బ్యాటరీ అయిదు రోజులు కూడా ఆగదు. అప్పుడు ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ వెళితే, ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ దారిలోనే లీకేజీ ఉంటుంది. ఏ ఫ్యూజు తీసినా మార్పు లేకపోతే ఆల్టర్నేటర్ డయోడ్లను, గ్లో ప్లగ్ రిలేను చూపించండి. ఫ్యూజు పెట్టెలో ఎక్కడైనా ఫ్యూజుకు బదులు రాగి తీగ చుట్టి కనిపిస్తే, ముందు దానిని తీసేసి సరైన ఆంపియర్ల ఫ్యూజు వేయించాకే మిగతా వెతుకులాట మొదలుపెట్టండి. ఏ లోపమూ దొరకకపోయినా నెల రోజులు కదలని బండికి నెగెటివ్ టెర్మినల్ విప్పి ఉంచడం మేలు. ఆ పనికి పదో నంబరు స్పానర్ సాధారణంగా సరిపోతుంది.